పుస్తకం తెరిచే టైముకి కరెంటు పోయింది

అమ్మాయి: నమస్కారం. బెజవాడ వన్‌టౌన్ నుంచి మాట్లాడుతున్నాం. వెనక ఫ్యాన్ చప్పుడు వినిపిస్తే కాస్త సర్దుకోండి. ఫ్యాన్ ఆపితే బాబాయ్ మైకు ముందు కూర్చోనంటున్నాడు.

బాబాయ్: మే నెలలో ఫ్యాన్ ఆపమంటే ఎవడు కూర్చుంటాడమ్మా?

అమ్మాయి: పోయిన ఆదివారం మా డాబా మీద సినిమా వేశాం. అద్దె ప్రొజెక్టరు, పిన్ని దుప్పటి, పది ప్లాస్టిక్ కుర్చీలు, రెండు చాపలు. వచ్చింది పదహారు మంది. ఆఖరి దాకా ఉన్నది పదకొండు మంది.

బాబాయ్: ఆ పదకొండులో ఇద్దరు నిద్రపోయారు. లెక్క లెక్కే.

అమ్మాయి: బాబాయ్ దగ్గర లెక్క తప్పదు. ముప్పై ఏళ్ళు గాంధీనగర్‌లో సినిమా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుల్లో చేశాడు. రిప్రజెంటేటివ్.

బాబాయ్: రిప్రజెంటేటివ్ అంటే పెద్ద ఉద్యోగం అనుకునేరు. రీళ్ళ బాక్సు వెంబడి ఊళ్ళకి పోవడమే. బొమ్మ ఆడినన్నాళ్ళూ అక్కడే లాడ్జిలో పడి ఉండాలి. ఆటకి ఎన్ని టికెట్లు తెగాయో చూసుకుని రోజూ డి.సి.ఆర్., అంటే ఆ రోజు వసూళ్ళ లెక్క, పంపాలి. థియేటరువాడు నొక్కెయ్యకుండా కాపలా అన్నమాట. గుడివాడ, తెనాలి, చీరాల, నూజివీడు... ఏ ఊళ్ళో పెసరట్టు ఎక్కడ బాగుంటుందో నన్నడుగు, చెప్తా.

అమ్మాయి: పెసరట్ల ఎపిసోడ్ ఇంకోసారి చేద్దాం. ఆదివారం వేసిన సినిమా ‘సర్కిల్ ఆఫ్ ఐరన్’. 1978 నాటిది. చిన్న బడ్జెట్. కుంగ్ ఫూ ఫైట్ల మధ్య వేదాంతం, వేదాంతం మధ్య ఫైట్లు. అసలు మొదటి తప్పు నాదే. అందరికీ మెసేజ్ పెట్టేటప్పుడు ‘బ్రూస్ లీ కథ’ అని రాశాను.

బాబాయ్: అదే కొంప ముంచింది. ఆ పేరు చూసి వచ్చినవాడికి ఆ మనిషి కనపడాలి కదా. మా రోజుల్లో అయితే పోస్టరు మీద ఒక బొమ్మ వేసి లోపల ఇంకో బొమ్మ చూపిస్తే రెక్సిన్ సీట్లు బ్లేడుతో కోసి పోయేవాళ్ళు. మన డాబా మీదవి ప్లాస్టిక్ కుర్చీలు కాబట్టి సరిపోయింది.

అమ్మాయి: నేను అబద్ధమేమీ చెప్పలేదు. సినిమా మొదట్లోనే బ్రూస్ లీకి అంకితం అని కార్డు పడుతుంది. కథ మొదలుపెట్టింది ముగ్గురు. బ్రూస్ లీ, నటుడు జేమ్స్ కోబర్న్, రచయిత స్టిర్లింగ్ సిలిఫాంట్. ఆ సిలిఫాంట్‌కి అప్పటికే ఆస్కార్ వచ్చింది. అంత పేరున్న ఇద్దరూ బ్రూస్ లీ దగ్గర ఫైటింగ్ నేర్చుకునే శిష్యులు. అప్పట్లో దానికి పెట్టుకున్న పేరు ‘ది సైలెంట్ ఫ్లూట్’. నిశ్శబ్దంగా ఉండే వేణువు.

బాబాయ్: పేరు అదే ఉంచాల్సింది. ఇనప చక్రం ఏంటి, ఇనుప కొట్టు బోర్డులాగా.

అమ్మాయి: ఇప్పుడు నువ్వు ఆ రూపాయల సంగతి చెప్పు.

బాబాయ్: అది ఈ బొమ్మ కంటే బాగుంటుంది. ఆ రోజుల్లో హాలీవుడ్ కంపెనీలు మన దగ్గర బొమ్మలు ఆడించి సంపాదించిన డబ్బు మొత్తం వాళ్ళ దేశం పట్టుకుపోవడానికి లేదు. విదేశీ మారకం రూల్సు గట్టిగా ఉండేవి. డబ్బు ఇక్కడే బ్యాంకులో మూలుగుతూ ఉండేది. వార్నర్ బ్రదర్స్‌కి అలా ఇరుక్కుపోయిన రూపాయలు ఉన్నాయి. ఆ డబ్బు ఖర్చు పెట్టాలంటే ఇండియాలోనే బొమ్మ తియ్యాలి. అందుకని 1971 మొదట్లో ఈ ముగ్గురినీ మన దేశానికి పంపారు, లొకేషన్లు చూసి రమ్మని.

అమ్మాయి: బ్రూస్ లీ మన దేశం వచ్చాడంటే డాబా మీద ఒక్కరూ నమ్మలేదు.

బాబాయ్: వచ్చాడమ్మా. ఎడారి వైపు తిరిగారు, మద్రాసు వచ్చారు, గోవా వెళ్ళారు. అప్పటికి ‘ఎంటర్ ద డ్రాగన్’ లేదు, ఏమీ లేదు. మద్రాసు రోడ్డు మీద నడిచిపోతున్నా ఎవరూ తిరిగి చూసి ఉండరు. లొకేషన్లు నచ్చలేదు, ప్రాజెక్టు ఆగిపోయింది. ఆ ఇరుక్కున్న రూపాయల్లో మన లీలామహల్‌లో, నవరంగ్‌లో ఇంగ్లీషు బొమ్మలకి తెగిన టికెట్ల డబ్బు కూడా ఉండే ఉంటుంది. అంటే ఈ బొమ్మకి మొదటి ఫైనాన్సు బెజవాడ నేల టికెట్టే అని నేనంటాను. ఎవడైనా కాదంటే రుజువు చూపించమనండి.

అమ్మాయి: (నవ్వు) తర్వాత బ్రూస్ లీకి హాంకాంగ్‌లో పెద్ద పేరొచ్చింది, ఈ కథ మీద ఆసక్తి పోయింది. 1973 జూలైలో ముప్పై రెండేళ్ళకే చనిపోయాడు. కొన్నేళ్ళకి డేవిడ్ కారడైన్ హీరోగా... హీరో అనకూడదు, ముఖ్యుడుగా దీన్ని ఇజ్రాయెల్‌లో తీశారు. కారడైన్ అంటే ‘కుంగ్ ఫూ’ టీవీ సీరియల్ చేసినవాడు. ఆ వేషానికి బ్రూస్ లీ పేరు కూడా అనుకుని వద్దనుకున్నారు. ఇక్కడ కూడా బ్రూస్ లీ వెయ్యాల్సిన వేషాలే ఆయనకి వెళ్ళాయి.

బాబాయ్: పాపం, చచ్చినా వదల్లేదు.

అమ్మాయి: కథ రెండు ముక్కల్లో. కార్డ్ అని ఒక కుర్రాడు. జులపాల జుట్టు, చొక్కా ఉండదు. సకల జ్ఞానం ఉన్న పుస్తకం ఒకటుంది, దానికో కాపలాదారు ఉన్నాడు, పేరు జెటాన్. ఆ పుస్తకం దగ్గరికి ఎవరు వెళ్ళాలో తేల్చడానికి పోటీ పెడతారు. కార్డ్ బాగా కొడతాడు గానీ నియమం తప్పాడని పక్కన పెట్టేస్తారు. అయినా వినడు, బయల్దేరతాడు. దారిలో వేణువు పట్టుకున్న గుడ్డివాడు కలుస్తాడు. తర్వాత ఒక్కొక్క పరీక్ష. కోతి మనిషి, ఎడారిలో నాయకుడు, చిరుత వేషంలో మృత్యువు. గుడ్డివాడితో కలిపి ఈ నాలుగు వేషాలూ కారడైనే వేశాడు.

బాబాయ్: ఖర్చు కలిసొచ్చింది.

అమ్మాయి: అది ఖర్చు కోసం కాదు బాబాయ్, ఆ సంగతికి వస్తా. ముందు కరాటే మాస్టారి వాయిస్ మెసేజ్ వినిపిస్తాను. మన వీధి చివర పిల్లలకి నేర్పుతారు, ఇరవై ఏళ్ళ నుంచి.

కరాటే మాస్టారు (వాయిస్ మెసేజ్): అమ్మా, నేను కథ జోలికి పోను. ఫైట్ల గురించి చెప్తా. కాలు లేచే ముందు నడుం తిరగాలి. ఆ కుర్రాడికి ముందు కాలు లేస్తోంది, తర్వాత నడుం గుర్తొస్తోంది. నిలబడ్డ కాలి మడమ తిరగట్లేదు. అలా రోజూ తంతే ఆరు నెలల్లో మోకాలు పోతుంది, నా దగ్గరికి ఇలాంటి పిల్లలు వస్తుంటారు. ఆ గుడ్డివాడి వేషం వేసినాయన నయం. అతనిది కరాటే కాదు, డాన్సు. కానీ డాన్సు వచ్చినవాడికి బరువు ఏ కాలి మీద ఉందో తెలుస్తుంది. ఇంకోటి, కెమెరా దగ్గరికి పెట్టి ముక్కలు ముక్కలుగా కోశారు. తల నుంచి కాలి దాకా కనపడేలా దూరం నుంచి తీస్తే దెబ్బ నిజమో కాదో తెలిసిపోతుంది కదా, అందుకు. సరేనమ్మా, నా చెప్పు సంగతి ఏమైంది?

అమ్మాయి: చెప్పు సంగతి ఏంటంటే, ఆయన ఊరికే చెప్పి ఊరుకోలేదు. కోతి మనిషి ఫైట్ నడుస్తుంటే లేచి దుప్పటి ముందుకొచ్చి, కాలు ఎలా తిప్పాలో చూపించారు. లుంగీ పైకి కట్టి, నిలబడ్డ కాలి మడమ చక్కగా తిప్పి ఒక్క తన్ను తన్నారు. ఎడమ కాలి చెప్పు ఊడి పక్కింటి వాటర్ ట్యాంకు మీద పడింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

బాబాయ్: ఆ రాత్రి మొత్తానికి నిజమైన దెబ్బ అదొక్కటే.

అమ్మాయి: నాకు మాస్టారితో ఒక దగ్గర పేచీ ఉంది. కార్డ్ వేషం వేసిన జెఫ్ కూపర్‌కి ఫైటింగ్ రాదు, ఒప్పుకుంటా. కానీ ఈ కథలో వాడు అన్నీ వచ్చినవాడు కాదు. తెలియక, తొందరపడి, అందరి మీదా ఎగిరిపడేవాడు. అలాంటివాడు తన్నితే అలాగే ఉంటుంది. బ్రూస్ లీలాంటి మనిషి పక్కన బ్రూస్ లీ అంత బాగా కొట్టేవాణ్ణి పెడితే శిష్యుడెవరో గురువెవరో ఎలా తెలుస్తుంది?

బాబాయ్: చేతకానితనానికి తత్వం అని పేరు పెట్టకు. వాడికి రాదు, అంతే. రాకపోవడం వేరు, రానట్టు చెయ్యడం వేరు. రేలంగి పడిపోతే నవ్వొచ్చేది, ఎందుకంటే ఆయనకి పడటం తెలుసు. ఈ కుర్రాడు పడితే దెబ్బ తగిలిందేమో అని భయమేసింది నాకు.

అమ్మాయి: సరే, ఆ మాట ఒప్పుకుంటా. కానీ చూడ్డానికి పేద సినిమాలా ఉందా?

బాబాయ్: లేదు. అది చెప్పాలి. రాళ్ళు నిజం రాళ్ళు, ఎండ నిజం ఎండ. డైరెక్టరు రిచర్డ్ మూర్ కెమెరామన్ కదా. సినిమా కెమెరాలు, లెన్సులు చేసే పానావిజన్ కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకడు. పానావిజన్ అని టైటిల్స్‌లో చూసి చూసి మా కళ్ళకి అలవాటైపోయింది, దాని వెనక మనిషి ఇలాంటి బొమ్మ తీశాడని మొన్ననే తెలిసింది. లెన్సు వెనకున్నంతసేపూ గట్టివాడే. యాక్టర్ల దగ్గరికి వచ్చేసరికి ఏం చెప్పాలో తెలిసినట్టు లేదు.

అమ్మాయి: డాబా మీద బాగా పేలింది నూనె పీపా మనిషి. ‘గుడ్ బ్యాడ్ అగ్లీ’లో అగ్లీ వేసిన ఈలై వాలక్ ఈ వేషం వేశాడు. ఎడారి మధ్యలో పెద్ద పీపా. దాని నిండా నూనె. అందులో నడుం దాకా మునిగి కూర్చున్నాడు. ఎందుకయ్యా అంటే, కోరికలు పుట్టించే కింది సగం నూనెలో కరిగిపోవాలని. పదేళ్ళ నుంచి అలాగే ఉన్నాడు.

బాబాయ్: మీ పిన్ని అన్న మాట చెప్పు.

అమ్మాయి: ఇది ఆవకాయల సీజను కదా. ఆ రోజు పొద్దున్నే పిన్ని నలభై కాయలు కొట్టించుకొచ్చింది, చేతుల మంట ఇంకా తగ్గలేదు. ఆ సీను చూసి పెద్దగా అంది, “పదేళ్ళు ఊరితే ముక్క మెత్తబడదా? ఏం నూనె అది?” అని. చాప మీదున్న అమ్మమ్మగారు ఒకావిడ సీరియస్‌గా, “టెంక ఉంటే మెత్తబడదులే” అన్నారు. ఐదు నిమిషాలు సినిమా ఎవరూ చూడలేదు.

బాబాయ్: కానీ నవ్విన తర్వాత ఆ పెద్దావిడే ఇంకోటి అంది. నువ్వు కిందికి నీళ్ళకి వెళ్ళావు. “ఇలాంటి వాళ్ళు మా చుట్టాల్లో ఉన్నారు, నూనె ఒక్కటే తక్కువ” అంది. ఎవరని అడిగితే చెప్పలేదు.

అమ్మాయి: నాకు ఇప్పటిదాకా ఎందుకు చెప్పలేదు ఇది?

బాబాయ్: మైకు లేదు కదా.

అమ్మాయి: పిన్నికి ఇంకో కోపం ఉంది. సినిమా మొత్తం మీద చెప్పుకోదగ్గ ఆడపాత్ర ఒక్కటే, ఎడారి నాయకుడి గుడారంలో టారా అనే ఆవిడ. రాత్రి కార్డ్ దగ్గరికి వస్తుంది, తెల్లారేసరికి ఆమెని శిలువ వేసి ఉంచుతారు. అది చూసి వీడికి పాఠం. “జ్ఞానం వాడికి, చావు దానికా?” అంది పిన్ని. దీనికి నా దగ్గర జవాబు లేదు. నాకు నచ్చిన సినిమా అయినా ఈ ఒక్క విషయంలో దాని తరఫున మాట్లాడను.

బాబాయ్: ఆ రాత్రి సీనుకి నేను ప్రొజెక్టరుకి చెయ్యి అడ్డం పెట్టా. పిల్లలున్నారు కదా అని.

అమ్మాయి: పెట్టావు. దుప్పటి మీద ఇంత లావు ఐదు వేళ్ళు, మధ్య వేలికి ఉంగరం. పిల్లలు దానికే ఎక్కువ నవ్వారు.

బాబాయ్: మా ఆపరేటర్లు అట్ట ముక్క పెట్టేవాళ్ళు. నాకు చేతికి అట్ట దొరకలేదు.

అమ్మాయి: ఇక టైలర్ భాయ్ సంగతి. నాకు ఈ ఎపిసోడ్ చెయ్యాలనిపించింది ఆయన వల్లే. సినిమాలో గుడ్డివాడు పడవవాడి పడవకి చిల్లు పెడతాడు. పాపం ఆ పడవవాడే వీళ్ళని నది దాటించాడు. తర్వాత ఒక ఊళ్ళో అందంగా ఉన్న పిల్లాడి ముక్కు పగలగొడతాడు. కార్డ్‌కి ఒళ్ళు మండుతుంది, ఇదేం న్యాయం అంటాడు. అప్పటికి డాబా మీద సగం మంది కార్డ్ పార్టీ. అప్పుడు గోడకి ఆనుకుని కూర్చున్న భాయ్ మెల్లగా అన్నారు, “ఆగండి, దొంగలు పడవల కోసం వస్తారు, చూడండి” అని.

బాబాయ్: నేను భాయ్ ఈ బొమ్మ ముందే చూశాడనుకున్నా.

అమ్మాయి: చూడలేదు. ఖురాన్‌లో కహఫ్ అని సూరా, అంటే అధ్యాయం, ఉంది, ప్రతి శుక్రవారం చదువుతారట. అందులో మూసా అలైహిస్సలాం, అంటే మోషే ప్రవక్త, ఒక పెద్దాయన వెంట నడుస్తారు. ఆయన్ని ఖిజర్ అంటారు. “నీకు ఓపిక ఉండదు, నేను చెప్పేదాకా ఏమీ అడగకు” అని ముందే షరతు. ఆ పెద్దాయన పేదవాళ్ళ పడవకి చిల్లు పెడతాడు. ఎందుకంటే వెనకాల ఒక రాజు బాగున్న పడవలన్నీ లాక్కుంటున్నాడు, చిల్లుపడిన పడవైతే వాళ్ళకే మిగులుతుంది. తర్వాత ఒక కుర్రాణ్ణి చంపుతాడు. ఆ తర్వాత తమకి అన్నం పెట్టని ఊళ్ళో కూలిపోతున్న గోడ నిలబెడతాడు, దాని కింద అనాథ పిల్లల సొత్తు ఉందని. మూసా మూడుసార్లూ ఆగలేక అడిగేస్తారు, అక్కడితో ఇద్దరూ విడిపోతారు.

బాబాయ్: భాయ్ చెప్తుంటే సినిమా పాజ్ చేశాం. బొమ్మ కంటే బాగా చెప్పాడు.

అమ్మాయి: “అక్కడ ప్రాణం తీశారు, ఇక్కడ ముక్కుతో సరిపెట్టారు, సెన్సారు” అన్నారు. అయితే ఆయనకి సినిమా నచ్చలేదు. ఎందుకంటే, ఖిజర్ చివర్లో “ఇది నా ఇష్టానికి చెయ్యలేదు” అంటారట. పైవాడి ఆజ్ఞ. ఈ గుడ్డివాడు ఎవరి ఆజ్ఞతో చేశాడు? “తనకే అన్నీ తెలుసని పిల్లాడి ముక్కు పగలగొట్టేవాణ్ణి మా వీధిలో గూండా అంటారు” అన్నారు. ఎవరూ మాట్లాడలేదు.

బాబాయ్: నేను మాత్రం కాజా బట్టలు కుట్టినట్టు కుట్టాడనుకున్నా మనసులో.

అమ్మాయి: కాజా కుట్టడం అంటారు బాబాయ్, కాజా బట్టలు కాదు.

బాబాయ్: అదే. భాయ్ వింటుంటే నవ్వుకుంటాడు.

అమ్మాయి: ఇప్పుడు అసలు ఘట్టం. కార్డ్ అన్నీ దాటి జెటాన్ ఉన్న ద్వీపానికి చేరాడు. జెటాన్ వేషం క్రిస్టఫర్ లీ. పెద్దవాళ్ళకి డ్రాక్యులా, మా వయసువాళ్ళకి ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’లో తెల్ల గడ్డం మాంత్రికుడు. పుస్తకం ఎదురుగా ఉంది. ఇక తెరవాలి. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

బాబాయ్: తొమ్మిదింటికి ఐదు నిమిషాలు తక్కువ. మన వీధి ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు.

అమ్మాయి: వీధంతా చీకటి. ఇంద్రకీలాద్రి మీద గుడి లైట్లు ఒక్కటే వెలుగుతున్నాయి. ఫోన్ లైట్లు వెయ్యద్దన్నాను, పురుగులు వస్తాయని. సినిమా ముందే చూసింది నేనొక్కదాన్నే. ఊరికే కూర్చోకుండా ఆ పుస్తకంలో ఏముంటుందో తలా ఒకటి చెప్పండి అన్నాను.

బాబాయ్: ఇరవై ఐదు నిమిషాలు. నిద్రపోయిన ఇద్దరిలో ఒకడు దానికి లేచాడు.

అమ్మాయి: మాస్టారు ఖాళీ కాగితాలు అన్నారు. పక్కింట్లో ఇంటర్ చదివే కుర్రాడు, “ఆన్సర్ కీ ఉంటుందక్కా, ప్రశ్నలుండవు” అన్నాడు. పాపం, వాడు పొద్దున ఐదింటికి స్టడీ అవర్‌కి వెళ్తే రాత్రి వస్తాడు, ఆదివారం కాబట్టి దొరికాడు. పిన్ని, “ఇంటికి పో, అమ్మ ఎదురుచూస్తోంది అని రాసుంటుంది” అంది. భాయ్ చాలాసేపు ఆలోచించి, “అలిఫ్. అరబ్బీలో మొదటి అక్షరం. ఆ ఒక్కటీ చాలు” అన్నారు. మరి నువ్వేమన్నావు?

బాబాయ్: డి.సి.ఆర్. అన్నా. ఎంతమంది వచ్చారు, ఎంతమంది పోయారు, ఎంత మిగిలింది.

అమ్మాయి: అప్పుడు మన రిటైర్డ్ తెలుగు మాస్టారు, సినిమా మొదలైనప్పటి నుంచి ఒక్క మాట మాట్లాడనాయన, కొండ వైపు వేలు చూపించి, “దీనికి ఇజ్రాయెల్ దాకా వెళ్ళడం దేనికి?” అన్నారు. అర్జునుడు తపస్సు చేసింది ఆ కొండ మీదే అని మనం చెప్పుకుంటాం కదా. పాశుపతం కోసం వచ్చాడు. పంది ఎదురొచ్చింది, బాణం వేశాడు. ఇంకో బాణం కూడా దానికే తగిలి ఉంది, వేసినవాడు ఒక కిరాతుడు. నాదంటే నాదని తగువు. అర్జునుడి బాణాలు అయిపోయాయి, విల్లు పోయింది, కత్తి పనికిరాలేదు, చివరికి వట్టి చేతులతో కుస్తీ. ఓడిపోయాక తెలిసింది ఎదురుగా ఉన్నది ఎవరో.

బాబాయ్: ఆ కథ అందరికీ తెలిసిందే కదా అన్నాన్నేను.

అమ్మాయి: అన్నావు. దానికాయన, “తెలుసు. కానీ ఈ సినిమాలో నాలుగు వేషాలూ ఒకడే ఎందుకు వేశాడని ఇందాక మీరే అడిగారు” అన్నారు. అది విని నాకు ఒళ్ళు జలదరించింది. కోతి మనిషీ, ఎడారి నాయకుడూ, మృత్యువూ, వేణువు గుడ్డివాడూ ఒకే మొహం. కొట్టేవాడూ నేర్పేవాడూ ఒకడే. నేను ఈ సినిమా మూడుసార్లు చూశాను, ఒక్కసారీ కిరాతుడు గుర్తు రాలేదు. రోజూ ఆ కొండ కింద నుంచే వెళ్తాను.

బాబాయ్: నాకైతే ఖర్చు కలిసొచ్చిందనే ఇప్పటికీ అనుమానం.

అమ్మాయి: కరెంటు వచ్చింది. సినిమా చూడాలనుకునేవాళ్ళు ఇక్కడ ఒక రెండు నిమిషాలు ముందుకి జరపండి, చివర చెప్పేస్తున్నా. కార్డ్ పుస్తకం తెరిచాడు. ప్రతి పేజీ అద్దం. తిప్పినకొద్దీ వాడి మొహమే.

బాబాయ్: ఇంటర్ కుర్రాడు, “అంతేనా?” అన్నాడు. వాడి గొంతులో ఆ బాధ చూడాలి. పేపర్ లీకైందని పరిగెత్తి వెళ్తే తెల్ల కాగితం చేతిలో పెట్టినట్టు.

అమ్మాయి: కరాటే మాస్టారు చప్పట్లు కొట్టారు, ఖాళీ అన్నది దగ్గర దగ్గర కరెక్టే కదా అని. వెనకున్న ఒక అంకుల్, “టికెట్ పెట్టి ఉంటే డబ్బులు వాపసు అడిగేవాణ్ణి” అన్నారు. భాయ్ నవ్వి ఊరుకున్నారు. నాకు మాత్రం ఆ చీకట్లో చెప్పుకున్నవే గుర్తొచ్చాయి. కుర్రాడు కీ అన్నాడు, నువ్వు డి.సి.ఆర్. అన్నావు, పిన్ని ఇల్లు అంది.

బాబాయ్: అంటే చీకట్లో అద్దం చూసుకున్నామంటావు. నాకు దోమలు కనపడ్డాయమ్మా.

అమ్మాయి: వెక్కిరించు. కానీ ఆ అద్దం ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో చెప్తే నువ్వే ఆశ్చర్యపోయావు.

బాబాయ్: మదనపల్లె మాట కదా. అది ఒప్పుకుంటా. అది నాకు తెలియదు.

అమ్మాయి: బ్రూస్ లీకి 1970లో నడుం దెబ్బతిని నెలల తరబడి మంచం మీదున్నాడు. ఆ టైములో బాగా చదివినవాళ్ళలో జిడ్డు కృష్ణమూర్తి ఒకరు. 1895లో మదనపల్లెలో పుట్టిన మన తెలుగాయన. థియొసాఫికల్ సొసైటీ అనే ఆధ్యాత్మిక సంఘం వాళ్ళు చిన్నప్పుడే తీసుకెళ్ళి జగద్గురువుగా తయారుచేశారు, ఆయన కోసం ప్రత్యేకంగా ఒక సంస్థే పెట్టారు. 1929లో హాలెండ్‌లో, వేలమంది ముందు ఆయనే లేచి ఆ సంస్థని రద్దు చేశారు. సత్యానికి దారంటూ ఉండదు, ఏ గురువూ ఏ మతమూ మిమ్మల్ని అక్కడికి చేర్చలేవు అని చెప్పి, వాళ్ళిచ్చిన ఆస్తులు తిరిగిచ్చేశారు. బ్రూస్ లీ కూడా తన పద్ధతిని ఒక స్టైల్ అనద్దు అనేవాడు. ఆయన నోట్సులో కృష్ణమూర్తి మాటలు బోలెడు కనిపిస్తాయి. ఇప్పుడు సినిమా చూడు. దారి చూపించే గురువు లేకపోతే మిగిలేది నువ్వే, అదే ఆ అద్దం. నియమం తప్పాడని వెళ్ళగొట్టినవాడే చివరిదాకా వెళ్తాడు. పుస్తకం దగ్గర కాపలా ఉద్యోగం ఇస్తామంటే నవ్వి వద్దని వచ్చేస్తాడు.

బాబాయ్: అది మాత్రం బాగుంది. పర్మినెంటు ఉద్యోగం వద్దని నవ్వుతూ వచ్చేశాడు చూడు, అక్కడ నాకు వాడు మొదటిసారి నచ్చాడు. మా నాన్న చూసి ఉంటే చెప్పు తీసుకునేవాడు.

అమ్మాయి: అయితే ఈ సినిమా ఆడుతుందా ఆడదా?

బాబాయ్: ఆడదు. ఏ సెంటర్లోనూ ఆడదు. మొదటి రోజు బ్రూస్ లీ పేరు మీద మార్నింగ్ షో నిండుద్ది. మాట్నీకి సగం. రెండో రోజు ఆపరేటరు, నేను. ఆ రోజుల్లో నన్ను ఈ బాక్సుతో తెనాలి పంపి ఉంటే మూడో రోజుకి బస్సెక్కి వచ్చేసేవాణ్ణి. కానీ ఒకటుంది. ఆదివారం బొమ్మ వేశాం. సోమవారం పొద్దున పాల దగ్గర భాయ్ కనపడి ఆ పిల్లాడి ముక్కు గురించి మళ్ళీ ఎత్తాడు. మంగళవారం తెలుగు మాస్టారు. నిన్న ఆ కుర్రాడు సైకిలాపి, “అంకుల్, అద్దమైతే కాపలా ఎందుకు?” అన్నాడు. నేను ఐదొందల రోజుల బొమ్మలకి పనిచేశా. బయటికొచ్చాక పాటలు పాడుకునేవాళ్ళు, డైలాగులు చెప్పుకునేవాళ్ళు. నాలుగో రోజు దాకా నాతో తగువేసుకున్నవాడు లేడు.

అమ్మాయి: వాడికేం చెప్పావు? కాపలా ఎందుకంటే?

బాబాయ్: ఏం చెప్తాను? అద్దాలు కదా, పగలగొడతారని కాపలా అన్నా. వాడు తృప్తి పడలేదు. బెల్లు కొట్టుకుంటూ పోయాడు.

అమ్మాయి: కరాటే మాస్టారు వచ్చే ఆదివారం మళ్ళీ వెయ్యమంటున్నారు. సినిమా మొత్తం కాదు, కోతి మనిషి ఫైట్ ఒక్కటే. పిల్లల్ని తీసుకొస్తారట, ఎక్కడెక్కడ తప్పో ఆపి ఆపి చూపించడానికి. ఈసారి ఇన్వర్టర్ పెడదాం.

బాబాయ్: ఇన్వర్టర్ ఉందిలే, దుప్పటి సంగతి అడుగు.

అమ్మాయి: పిన్నీ! ఆదివారం దుప్పటి కావాలి!

పిన్ని (వంటింట్లోంచి): దాని మీద వడియాలు పెట్టేశానే! నాలుగు రోజులు ఎండాలి. గోడకి సున్నం కొట్టుకుని వేసుకోండి మీ కుంగ్ ఫూ. పనిలో పని, ఆ ట్యాంకు మీద చెప్పు కూడా తీయించండి, పక్కింటావిడ పొద్దుట్నుంచి అడుగుతోంది.